తీరిక తెచ్చిన చిక్కు

తెనాలి నుంచి వచ్చి నోయిడాలో స్థిరపడ్డ నిరంజన్‌కి ఉన్న జబ్బల్లా కుతూహలం ఒక్కటే. ఆన్‌లైన్ దుకాణంలో చీరల బొమ్మలూ చెప్పుల బొమ్మలూ రెప్పపాటులో తెర మీదికి వచ్చేలా చూడటం అతని ఉద్యోగం. ఏళ్ల తరబడి బొమ్మల్ని అలా తరుముతూ ఉండగా, అసలు తొందరపెట్టకుండా వదిలేస్తే ఏమవుతుందో చూడాలన్న దురద పుట్టింది.

సెలవుల్లో కూర్చుని ఒక పనికిమాలిన టూల్ రాశాడు. వెబ్ పేజీలో ఫొటో పెడితే అది ఇసుక రాలినట్టు రేణువు రేణువుగా పేరుకుంటుంది. మొత్తం కనబడటానికి పావుగంట పడుతుంది. మధ్యలో మౌస్ కదిపారో, కుప్పకూలి మళ్ళీ మొదటికొస్తుంది. "దీనివల్ల ఎవరికీ ఏ ఉపయోగమూ లేదు" అని తెలుగులో రాసి, ఇంగ్లీషు అక్షరాల్లో 'తీరిక' అని పేరు పెట్టి ఇంటర్నెట్‌లో వదిలాడు.

"దీనికి బారసాల కూడానా!" అంది భార్య రేవతి.

అతని మేనేజర్ సుధీంద్ర కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి కొడుకు. ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్లలో పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. ఇంగ్లీషులో ఉన్న పేరొక్కటి చూసి, హిందీ 'తరీకా' అనుకున్నాడు. పద్ధతి అని అర్థం కదా, మురిసిపోయాడు.

"వాహ్ నిరంజన్! ఇమేజ్ లోడ్ చేసే కొత్త తరీకా! సోమవారం డైరెక్టర్ మేడమ్‌కి చూపిద్దాం. టీమ్ లీడ్ పోస్ట్ నీదే అనుకో, సమఝో."

రెండుసార్లు చేజారిన పోస్టు అది. నిజం చెప్పడానికి నిరంజన్‌కి నోరు రాలేదు. తన మీద తనకే సిగ్గేసింది.

సోమవారం గదిలో తెర మీద రేణువులు రాలడం మొదలైంది. కాసేపు అందరూ విసుక్కున్నారు. తర్వాత డైరెక్టర్ భావన ఫోన్ పక్కన పెట్టేసింది. చంద్రమండలం అన్నారొకరు, ఇడ్లీ రేకు అన్నారింకొకరు. ఎవరిదో చెయ్యి మౌస్ వైపు వెళ్తే "ఛూనా మత్!" అని, ముట్టుకోవద్దని గదంతా అరిచింది. తీరా చూస్తే అవి రేవతి బాల్కనీలో ఎండబెట్టిన వడియాలు. అందరూ పగలబడి నవ్వారు.

"అచ్ఛా, ఇస్కా ఫాయిదా క్యా హై?" అని దీని లాభమేమిటో అడిగింది భావన.

కస్టమర్లు ఎక్కువసేపు ఉంటారని ఒక్క అబద్ధం చాలు. అది నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇంతమందీ ఇంతసేపు కళ్ళప్పగించి చూసిన దానికి లేని లాభం అంటగట్టడానికి అతనికి మనసొప్పలేదు.

"కుఛ్ నహీఁ మేడమ్" అన్నాడు, ఏమీ లేదని.

పోస్టు అదే టీమ్‌లోని క్రాంతికి వెళ్ళింది.

సాయంత్రం సుధీంద్ర పిలిపించాడు. మూడోసారీ పోస్టు చేజారింది, ఇవాళ అటో ఇటో తేల్చేసుకోవాలని నిరంజన్ ఉడికిపోతూ వెళ్ళాడు.

"పోస్ట్ సంగతి ఛోడో, వదిలెయ్. తరీకా కాకపోతే, ఆ పేరుకి మీనింగ్ ఏంటి?"

"తీరిక సర్. ఫుర్సత్."

'తీరిక... లేదు' అని విడదీసి పలికి చూసుకున్నాడు సుధీంద్ర.

"నాన్న రోజూ అనేవారు, తీరిక్లేదు అని. బొమ్మ గీసి చూపించబోతే, పార్క్‌కి రమ్మంటే, అదే మాట. అదంతా ఒకటే వర్డ్ అనుకున్నా యార్. తెలుగులో 'నో' అంటే అదే అనుకున్నా."

నిలదీయాలని కూడగట్టుకొచ్చిన మాటలేవీ నిరంజన్‌కి గుర్తు రాలేదు. కుర్చీ లాక్కుని అతనికెదురుగా కూర్చున్నాడు.