శవం లేస్తేనే ముద్ద

గిద్దలూరు స్టేషన్ దగ్గర మా మేనమామకు ఒక హోటలుంది. దొరల కాలంలో కట్టింది. టేకు దూలాలు, నాపరాళ్ళ నేల. రెండేళ్ళ కింద గిరాకీ పడిపోయి దిగులుగా ఉన్నప్పుడు మామకు ఒక ఆలోచన తట్టింది. హైదరాబాదులో చూసొచ్చినాడంట: జనం భోంచేస్తా ఉంటే మధ్యలో నాటకం ఆడతారు, హత్య జరుగుద్ది, హంతకుడెవరో తినేవాళ్ళే కనుక్కోవాల.

"శవం వేషం నీదే బావా," అన్నాడు మా నాయనతో.

నాయన పాతికేళ్ళు పౌరాణిక నాటకాలు ఆడిన మనిషి. అవి ఆగిపోయినాక వేషానికి మొహంవాచి ఉన్నాడు. అయినా ఉత్త శవమంటే ఒప్పుకోలే. చివర్లో దయ్యమై లేచి, హంతకుణ్ణి చూపిస్తా పద్యం పాడనిస్తేనే చేస్తానన్నాడు. పద్యం తనే కట్టుకున్నాడు. నెల రోజులు ఇంట్లో అదే రాగం. మా చెవులు చిల్లులు పడినాయి.

మొదటి ఆట శనివారం సాయంత్రం. నలభై ఆకులేసినారు. ప్రతి ఆకు పక్కన ఒక మార్కాపురం పలక, బలపం, హంతకుడి పేరు రాయడానికి. పప్పు, గోంగూర, వేడన్నం వడ్డించినారు. నాయన నడిమి బల్ల కాడ జమీందారు వేషంలో కూర్చొని, మజ్జిగ తాగి, గొంతు పట్టుకొని పడిపోయినాడు. ఏం పడినాడబ్బా! అంతా తెలిసిన నాకే గుండె జల్లుమనింది. మామ తెల్లగుడ్డ కప్పినాడు.

అంతే, చేతులన్నీ ఆకుల మీదనించి వెనక్కి పోయినాయి. ఒక్కరూ ముద్ద ముట్టలే. మామ బల్ల బల్లకూ తిరిగినాడు. "తినండయ్యా, ఉత్త నాటకమే!" అని బతిమిలాడినాడు. ఎవరూ వినలే. పలకలు తీసి చూస్తే హంతకుడి పేరు ఒక్కదాంట్లో కూడా లేదు. "ముందు శవాన్ని లేపండి" అని ఒకరు, "పీనుగను ఎదురుగా పెట్టుకొని అన్నమా?" అని ఇంకొకరు. పెద్దారవీడు నించి వచ్చిన ఒక ముసలామెకు రాయడం రాదు, నోటితోనే దులిపింది: "ఏందయ్యా, శవం లేచిందాకా మా వీధిలో పొయ్యే ముట్టించం. నీకు బుద్ధుందా?"

ఆమె తప్పేముంది? మేమంతా అట్ల పెరిగినోళ్ళమే. మామకే ముందు తట్టలే.

చివరికి నలుగురు లేచి నాయనను భుజాలకెత్తుకొని వరండాలో పండబెట్టినారు. కాళ్ళు కడుక్కొనొచ్చి కూర్చున్నారు. ఇంక చూడు, గోంగూర రెండోసారి, మూడోసారి అడిగి వేయించుకున్నారు.

నేను బయటికి పోయినా. నాయన గుడ్డ కింద కదలకుండా ఉన్నాడు.

"తింటున్నారా?" అన్నాడు.

"తింటున్నారు. లే నాయనా, నీ పద్యం ఉంది కదా."

"సచ్చినోడు మళ్ళా లోపలికి పోతే ఆకుల్లోంచి చేతులు తీస్తారు. తిననీలే పాపం," అన్నాడు.

వచ్చేవారం పాడుదువులే బావా అని మామ ఒట్టేసినాడు. వచ్చేవారానికి హత్య తీసేసి నగల దొంగతనం పెట్టినాడు. హోటలు నిండింది. దొంగతనంలో పీనుగకు పనేముంది?

ఆ పద్యం నాయన ఇప్పుడు గడ్డం గీసుకుంటా పాడతాడు. చివరి పాదం కాగానే చెయ్యి ఆపి, అద్దంలోకి చూస్తా కాసేపు నిలబడతాడు. చప్పట్ల కోసమని నాకు తెలుసు. నేను పక్కగదిలోనే ఉంటా. సిగ్గేసి ఇంతవరకు ఒక్కసారి కూడా కొట్టలేదు.