లాంచీలో ఆవలి పక్క

మొన్న సాయంత్రం కలకత్తా బాబూఘాట్‌లో హౌరా లాంచీ ఎక్కాను. అవతలి జెట్టీ దగ్గరపడుతుండగా జనమంతా ఎప్పటిలాగే దిగే పక్కకు తోసుకొచ్చారు. అరికాళ్ళ కింద డెక్ మెల్లగా ఒరిగింది. డీజిల్ పొగ, తడిసిన తాడు వాసన, ఎవరి సంచిలోంచో చేపల నీచు కలిసి ముఖానికి కొట్టాయి. కళ్ళు మూసుకుని ఉన్నా పడవ ఎంత ఒరిగిందో నేను చెప్పగలను. అది నాకు నేర్పిన మనిషి రెండేళ్ళ క్రితం పోయింది.

ఆమెను ఆఫీసంతా దీదీ అనేది. అలాగని బెంగాలీ ఆవిడ కాదు, పేరు కృష్ణవేణి. తండ్రి శ్రీకాకుళం నుంచి వచ్చి ఖిదిర్‌పూర్ రేవులో మూటలు మోశాడు. కూతురు ఆ రేవు పక్కనే, చిన్న ఓడలకు డిజైన్లు గీసే కంపెనీలో పెద్ద డిజైనరైంది. కాకినాడ నుంచి వెళ్ళి ఆమె కింద చేరిన నేనూ దీదీ అనే పిలిచాను. ఆమె కళ్ళద్దాలు ఎంత మందమంటే, ఎండలో పెడితే హుగ్లీ నీళ్ళు మరిగి ఒడ్డుదాకా చేపలపులుసు తయారవుతుందని ఆఫీసులో పుకారు పుట్టించింది నేనే. అది ఆమె చెవిన పడింది. గదిలోకి పిలిచింది. నా ఉద్యోగం ఊడిందనుకున్నాను.

"పులుసులో ఉప్పు ఎవులు ఏసినారు బాబూ?" అంది, నవ్వకుండా. "కోత కోస్తే ఆకరిదాకా కొయ్యాల. సగంలో ఒగ్గేస్తే ఎలాగ?"

ఇద్దరి ఇళ్ళూ హౌరాలోనే కావడంతో సాయంత్రాలు ఒకే లాంచీలో వెళ్ళేవాళ్ళం. జెట్టీ కనబడగానే జనం ఒక పక్కకు చేరేవారు. దీదీ వాళ్ళకు ఎదురు నడిచి ఆవలి రెయిలింగ్ దగ్గర ఒక్కతే నిలబడేది. అందరికంటే ఆఖరున దిగేది. ఆమె కోసం ఆగి నేను బస్సు పోగొట్టుకునేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక, "ఇంతమంది అటుంటే మీరొక్కరే లాంచీని నిలబెడతారా దీదీ?" అన్నాను.

"నా బరువుకి ఏటీ అవదు. ఆ మాత్రం నాకు తెల్దా?" అంది. "అందరూ అటే పోతే, ఇటు పక్క ఎలాగుందో సూసినోలు ఒకలుండాల గదా."

ఆ రోజుల్లోనే ఒక చిన్న ద్వీపదేశపు నౌకాదళం మాకు గస్తీ పడవ డిజైను పని ఇచ్చింది. దేశం పేరు బయటపెట్టబోమని రాసిచ్చాం గనుక చెప్పను. మాలో మేం పగడాలదీవి అనుకునేవాళ్ళం. పడవలో పదకొండుమంది సిబ్బంది. లెక్కల్లో వాళ్ళు పదకొండు బరువులు, అంతే. దీదీకి అది నచ్చలేదు. "నీకు కోతలొచ్చు గదా, ఆళ్ళెవులో చెప్పు" అంది. నేను రెచ్చిపోయాను. తాబేలుతో పందెం కాసి ఓడిన కెప్టెన్‌ని పుట్టించాను. వంటవాడికి చిట్టిబాబని పేరుపెట్టాను. వాడికి నీళ్ళంటే హడల్. ఒడ్డున ఉంటే పెళ్ళాం రోజూ స్నానం చేయమంటుందని నౌకాదళంలో చేరాడు. దీదీ పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వు ఆగాక పెన్సిల్ తీసుకుని వంటగదిలో పొయ్యిని తలుపు నుంచి దూరంగా జరిపింది. "అలొచ్చినప్పుడు ఆడి మీద వేన్నీళ్ళు పడిపోతాయి" అంది.

డిజైను పూర్తవుతుండగా ఆ దేశపు నౌకాదళ అధికారి వచ్చాడు. ముందు డెక్ మీద మేం పెట్టిన గన్ చాలదు, అంతకు రెట్టింపు బరువున్నది కావాలన్నాడు. మా యజమాని అక్కడికక్కడే సరేనన్నాడు. నిండు టాంకులతో లెక్క వేస్తే పడవ నిలబడింది. బల్ల చుట్టూ తలలన్నీ ఊగాయి. సంతకం చేయాల్సింది దీదీ. ఆమె పెన్ను ముట్టలేదు.

"లెక్క కుదిరింది కదా దీదీ," అన్నాడు యజమాని బెంగాలీలో, మెత్తగా. "మీరు కాదంటే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని పెడతారు."

ఆమె నా వైపు తిరిగింది. "బాబూ, చిట్టిబాబు ఇంటికి తిరిగొస్తన్న రోజు ఏటయిందో ఈ ఆఫీసరు గారికి ఇంగ్లీషులో చెప్పు."

చెప్పాను. గస్తీ ముగించుకుని పడవ తిరిగొస్తోంది. డీజిల్ అడుగంటి కింద టాంకులు తేలికయ్యాయి. పైన గన్ బరువు మాత్రం తగ్గలేదు. పక్కనుంచి అలలు. దారిలో మునిగిపోతున్న చేపల నావ, నీళ్ళలో మనుషులు. సిబ్బంది అంతా అటువైపే పరిగెత్తారు. మునిగేవాడు చెయ్యి చాస్తే, రెండో పక్క నిలబడేదెవరు? చిట్టిబాబు కూడా వంటగది వదిలి వచ్చాడు. నీళ్ళంటే హడలిపోయేవాడు, రెయిలింగ్ మీదుగా వంగి ఎవరిదో చొక్కా పట్టుకున్నాడు. అప్పుడు ఇంకో అల లేచింది.

అక్కడ ఆపేశాను. సగంలో వదిలేసిన కోత నా జీవితంలో అదొక్కటే.

"తర్వాత?" అన్నాడు అధికారి.

దీదీ కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "తర్వాత లేదు సార్. ఆ అలతో మా లెక్క అయిపోయింది."

ఆయన డ్రాయింగ్‌ను దగ్గరికి లాక్కుని వంటగది మీద వేలు పెట్టాడు. "నేను తిరిగిన ఏ పడవలోనూ వంటవాడి పేరు అడగలేదు" అని గొణిగాడు. తర్వాత, పాత గన్‌నే ఉంచమన్నాడు.

పడవ దీదీ గీసినట్టే తయారై వెళ్ళిపోయింది. కుర్చీ మాత్రం ఆమెకు దక్కలేదు. బల్ల దగ్గర తనను చిన్నబుచ్చిందని యజమాని ఆ తర్వాతి పని ఇంకొకరికి అప్పగించాడు. ఇతరుల డ్రాయింగులు సరిచూస్తూ, కిటికీ లేని గదిలో ఆమె ఉద్యోగం ముగిసింది. ఒక్కసారి కూడా ఆ సంగతి ఎత్తలేదు. చివరి రోజుల్లో చూడ్డానికి వెళితే, ఆయాసపడుతూ అడిగింది: "మన పడవ కబురేటైనా తెలిసిందా?"

"ఏమీ తెలియలేదు దీదీ."

"అయితే బాగున్నారు" అంది. బాగుంది అనలేదు.

మా ఆఫీసు ఇప్పుడు న్యూ టౌన్‌లో ఉంది. అక్కణ్ణుంచి నది కనబడదు. మొన్న లాంచీలో నాతో వచ్చింది మా డిజైనర్ సాహితి, వరంగల్ అమ్మాయి. డెక్ ఒరగగానే నేను జనానికి ఎదురు నడిచాను.

"అటెటు పోతున్నరు సార్? దిగేది ఇటు కదా!" అని వెనకనుంచి అరిచింది.

ఆ ప్రశ్నకు చెప్పడానికి నా దగ్గర వంద కోతలుంటాయి. అవి ఒడ్డున కోద్దామని నడుస్తూనే ఉన్నాను. ఆవలి రెయిలింగ్ తడిగా, చల్లగా ఉంది. జెట్టీకి తాడు పడేదాకా దాన్ని పట్టుకుని నిలబడ్డాను.