పక్క సీటు కోసం

చాలా ఏళ్ళుగా ఒక విషయం నా గొంతులో అడ్డంగా పడి ఉంది. మింగుడు పడదు, బయటికీ రాదు. అన్నం కలుపుకుంటున్నప్పుడు గుర్తొస్తుంది, జడ వేసుకుంటున్నప్పుడు గుర్తొస్తుంది, రైల్లో కూర్చున్నప్పుడు మరీ గుర్తొస్తుంది. ఎవరికైనా చెప్పుకుందామంటే నాకు అంత దగ్గరి మనిషి ఒక్కతే ఉంది. ఆమెకు తప్ప ఎవరికైనా చెప్పగలిగిన విషయం ఇది. అందుకని మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకూ తెలియనక్కర లేదు.

నేను నర్సును. చెన్నైకి దగ్గరున్న తిరువళ్ళూరులో, మణవాళనగర్ వైపున్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో వార్డు ఇన్‌ఛార్జిని. నోరు కాస్త గట్టిదే. కొత్తగా చేరిన పిల్లలు నన్ను చూస్తే సెలైన్ స్టాండు వెనక దాక్కుంటారని డాక్టర్లు ఎగతాళి చేస్తారు. ఆ పిల్లలకు మొదటి రోజే నేనొక మాట చెబుతాను. పొరపాటున ఒక మందుకు బదులు ఇంకొకటి ఎక్కించారా, భయపడి దాచొద్దు, ఆ నిమిషమే వచ్చి చెప్పండి, తిడతాను కానీ చంపను, మీరు దాస్తే మాత్రం పేషెంటు పోతాడు. ఈ మాట చెప్పేటప్పుడు నా గొంతు ఎంత గంభీరంగా ఉంటుందో. చెప్పి వెనక్కి తిరిగాక ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

స్టెల్లా గురించి చెప్పాలి.

స్టెల్లా మా వార్డులోనే స్టాఫ్ నర్సు. నాకంటే చాలా చిన్నది. ఇద్దరమూ తిరుత్తణి నుంచి రోజూ లోకల్ రైల్లో వచ్చి పోయేవాళ్ళం. ఆమె పుట్టిల్లు పొదటూరుపేట, నాది ఆ పక్క పల్లె. వాళ్ళు క్రైస్తవులు, మేము సేద్యగాళ్ళం. ఊళ్ళోనే ఉండి ఉంటే ఆ ఇంటి గడప నేను తొక్కేదాన్ని కాదేమో. రైల్లో అవేవీ లేవు. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన ఆమె, ఆమె పక్కన నేను. ముందు ఎక్కినవాళ్ళు రెండోవాళ్ళ కోసం సీటు మీద కర్చీఫ్ వేసి పెట్టేవాళ్ళం. ఆమె డబ్బాలో ఇడ్లీలు ఎప్పుడూ ఇద్దరికి సరిపడానే ఉండేవి. నాకు గట్టి పచ్చడి ఇష్టమని నీళ్ళు పోయకుండా నూరి తెచ్చేది.

నాకు పెళ్ళి కాలేదు. అమ్మ మంచాన పడింది, ఆమెను చూసుకుంటూ ఉండిపోయాను, ఆమె పోయేసరికి నన్ను అడిగేవాళ్ళు కూడా పోయారు. తిరుత్తణిలో ఒక పోర్షన్‌లో ఒక్కదాన్నే ఉంటాను. ఆసుపత్రిలో రోజంతా తమిళమే. అందరికీ నేను సిస్టర్‌నే. తెలుగులో ‘అక్కా’ అని పిలిచే మనిషి స్టెల్లా ఒక్కతే. ఆదివారం నాడు ఎవరితోనూ మాట్లాడక సోమవారం పొద్దున నోరు తెరిస్తే గొంతు బొంగురుగా వచ్చేది. రాత్రి షిఫ్టుకు మారి ఆమె నాతో రాని వారంలో నాకు కాలు కదిలేది కాదు. ఇదంతా మీ జాలి కోసం చెబుతున్నానా? కొంచెం అందుకే కావచ్చు. కానీ ఇది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు.

స్టెల్లా భర్త చెన్నై అవతల ఆత్తిపట్టులో కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేసేవాడు, వారానికోసారి వచ్చేవాడు. ఒక పాప, అప్పట్లో చిన్న క్లాసుల్లో ఉండేది. మా ఇద్దరివీ డిప్లొమా చదువులే. నాకు అది చాలు. ఆమెకు చాలలేదు. ఆమెకు నర్సింగ్ స్కూల్లో టీచరు కావాలని ఉండేది. అది ఉత్త మోజు కాదు. మా వార్డుకు శిక్షణకు వచ్చే పిల్లల చెయ్యి పట్టుకుని, ముసలివాళ్ళ చేతిలో నరం కంటితో కాదు వేలితో వెతకాలని ఎంత ఓపికగా చూపించేదో. నా దగ్గర ఏడ్చిన పిల్లలు ఆమె దగ్గర నేర్చుకునేవాళ్ళు. టీచరు కావాలంటే మాత్రం డిగ్రీ ఉండాలి.

రెండు దారులు కనిపించాయి. ఒకటి, వేలూరులో ఒక కాలేజీ. రెండేళ్ళు అక్కడే హాస్టల్లో ఉండి చదవాలి. పాపను తాను చూసుకుంటానని స్టెల్లా వాళ్ళమ్మ ఒప్పుకుంది. సెలవిచ్చి మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకుంటామని మా ఆసుపత్రివాళ్ళూ అన్నారు. రెండోది, ఫోన్‌లో వచ్చిన ప్రకటన. ఎక్కడో ఉత్తరాది యూనివర్సిటీ. పట్టా పుచ్చుకునేవాళ్ళ నల్ల టోపీ పెట్టుకున్న నర్సు బొమ్మ. ఉద్యోగం చేసే నర్సులు ఉద్యోగం మానకుండానే ఆన్‌లైన్లో డిగ్రీ తెచ్చుకోవచ్చని రాసి ఉంది. స్టెల్లా తెలివితక్కువది కాదు. ప్రాక్టికల్స్ ఎక్కడ, పరీక్షలు ఎక్కడ అని వాళ్ళకు ఫోన్ చేసి అడిగింది. చివరికి ఆమెకు మిగిలిన అనుమానం ఒక్కటే. ఈ డిగ్రీని నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్ చేస్తుందా, లేదా? చేయకపోతే అది ఎందుకూ కొరగాదు. ఫోన్‌లో వాళ్ళు చేస్తారనే అన్నారు. ఆమెకు నమ్మకం కుదరలేదు.

అప్పుడే నేను కన్ను చూపించుకోవడానికి చెన్నై వెళ్ళాల్సి వచ్చింది. నాకు చదువు చెప్పిన మేడం అక్కడొక నర్సింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్నారు. ఆమెను అడిగి రమ్మంది స్టెల్లా.

వెళ్ళాను. అడిగాను. మేడం నా మాట పూర్తి కానివ్వలేదు. అది చెల్లదు, కౌన్సిల్ రిజిస్టర్ చేయదు, ఆ చదువుతో ఆ అమ్మాయిని టీచరుగా ఎవరూ తీసుకోరు, వేలూరు సీటు దొరికితే ఈ ఏడే వెళ్ళమను అన్నారు. అనుమానానికి చోటే లేకుండా చెప్పారు. నేను ఆమెకు నమస్కారం పెట్టి వచ్చాను. తిరుగు రైల్లో ఆ మాటలనే మనసులో వరస పెట్టుకున్నాను, స్టెల్లాకు ఎలా చెప్పాలో. చెప్పాలనే అనుకున్నాను. ఇది మీరు నమ్మాలి.

మర్నాడు పొద్దున రైలెక్కేసరికి ఆమె నా కోసం కర్చీఫ్ వేసి ఉంది. నన్ను చూడగానే దాన్ని తీసి, దులిపి, నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. నేను ఆ మడతల వైపే చూస్తూ కూర్చున్నాను.

“అక్కా, యేమన్నారు మీ మేడం?”

“రెండూ ఒగటే అన్నారు.”

“కౌన్సిల్లో రిజిస్టర్ చేస్తారంటనా?”

“చేస్తారంట.”

“ఆన్‌లైన్ దాన్ని గూడానా? సరిగ్గా అడిగినావా అక్కా?”

“అడక్కుండా మేడం కాలేజీదాకా యెందుకు పోయినా? ఊరు సూసేదానికా?”

ఆమె నవ్వింది. తరవాత కళ్ళు తుడుచుకుంది.

“అప్పాడా! ఇంగ వేలూరు యెందుకక్కా? పాపను ఇడిసిపెట్టి యెట్ల పోయేదని నాలుగు దినాలుగా కూడు గూడా దిగలేదు. దేవుడే నీ నోట్లోంచి సెప్పినాడు.”

ఆ మాట విన్నప్పుడైనా నేను నోరు విప్పాల్సింది. కిటికీలోంచి తిరువాలంగాడు స్టేషను పోతూ ఉంటే దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాను.

పాప కోసమే అలా చెప్పానని చాలా కాలం నన్ను నేను నమ్మించుకున్నాను. తల్లిని వదిలి ఆ చిన్న పిల్ల ఎలా ఉంటుంది, ఎంత బెంగ పెట్టుకుంటుంది, నేను చేసింది మంచిపనే కదా. కానీ పాప మాట ఆమె ఎత్తింది నేను అబద్ధం చెప్పేశాక. అంతకు ముందు నా కళ్ళ ముందు పాప లేదు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆడమనిషి వచ్చి కూర్చునే ఆ పక్క సీటు ఉంది. రెండేళ్ళు ఆమె లేకుండా ఆ రైలెక్కాలన్న భయం ఉంది. ఆ భయమే మాట్లాడింది. భయానికి అంత తొందరగా మాటలు ఎలా దొరికాయి? వరస పెట్టుకున్న నిజం ఎక్కడికి పోయింది?

ఇప్పుడు అన్నిటికంటే సిగ్గుపడే సంగతి చెబుతాను. ఆ తరవాతి రెండేళ్ళూ ఉన్నంత సంతోషంగా నా జన్మలో నేను ఎప్పుడూ లేను. స్టెల్లా ఆ ఆన్‌లైన్ కోర్సులో చేరింది. రికార్డు చేసిన పాఠాలను రైల్లోనే వినేది. ఇయర్‌ఫోన్లలో ఒకటి ఆమె చెవిలో, రెండోది నా చెవిలో. పాఠం ఇంగ్లీషులో గడగడా పోయేది. సిగ్నల్ పోయినప్పుడల్లా ఆమె నా వైపు తిరిగి అప్పటిదాకా విన్నది తెలుగులో నాకు చెప్పేది. నాకు తెలిసినవి కూడా తెలియనట్టు అడిగి చెప్పించుకునేదాన్ని. నేను ఆమెకు మొదటి స్టూడెంటునని మురిసిపోయేది. ఆమె చదివేది దేనికీ పనికిరాదని తెలిసిన నేను ఆమె పక్కన ఆనుకుని కూర్చుని పాఠం వింటున్నాను. మొదటి నెలలోనే చెప్పి ఉంటే వేలూరు సీటు ఇంకా దొరికేది. రెండో నెలలో చెబుదామంటే ఆలస్యమైందనిపించింది. ఏడాది గడిచాక ఇంత చదివాక ఇప్పుడెలా చెప్పడం అనిపించింది. ఇలా ప్రతిసారీ ఏదో ఒకటి దొరికింది నాకు.

డిగ్రీ వచ్చింది. వార్డంతా మైసూర్‌పాక్ పంచింది. ఒక నర్సింగ్ స్కూల్లో టీచరు ఉద్యోగం ఖాళీగా ఉందని తెలిసి, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళింది. వాళ్ళు కాగితం చూసి, ఇది కౌన్సిల్లో చెల్లదమ్మా అని కూర్చోబెట్టకుండానే పంపేశారు. ఆ చీరతోనే నేరుగా వార్డుకు వచ్చింది. నేను దుప్పట్లు పెట్టే గదిలో ఉన్నాను. ఆమె తలుపు దగ్గర నిలబడి జరిగింది చెప్పి, నా ముఖం చూసి, “నువ్వేం జేస్తావక్కా, మీ మేడంకి గూడా తెలిసుండదు, నువ్వు బాధపడొద్దు” అంది. నన్ను ఓదార్చింది!

నేను తల ఊపాను.

మొదటిది ఒక నిమిషపు బలహీనత అనుకోండి, అనుకోగలిగితే. ఈ తల ఊపడాన్ని ఏమనాలి? రెండేళ్ళు ఆలోచించుకోవడానికి టైమున్న మనిషిని. తప్పును ఏ పాపమూ ఎరగని మేడం మీదికి తోసి, దుప్పట్లు మడతపెట్టుకుంటూ తల ఊపాను.

మళ్ళీ వేలూరు వెళ్దామంటే వీలు పడలేదు. అప్పటికి వాళ్ళమ్మకు కాలూ చెయ్యీ పడిపోయాయి. మనవరాలిని చూసుకునే మనిషిని చూసుకోవాల్సి వచ్చింది. ఆ తల్లి పోయాక భర్త దగ్గరికే ఆత్తిపట్టు వెళ్ళిపోయింది. అక్కడ ఒక చిన్న క్లినిక్‌లో ఇప్పటికీ సూదులు వేస్తోంది, కట్లు కడుతోంది. అలా నేను ఎవరిని పోగొట్టుకోకూడదని అంత పని చేశానో ఆమె ఎలాగూ వెళ్ళిపోయింది. మొదట్లో అలవాటు కొద్దీ పక్క సీటు మీద కర్చీఫ్ వేసేదాన్ని. ఒకరోజు ఒకావిడ ఎవరైనా వస్తున్నారా అని తమిళంలో అడిగింది. ఎవరూ రారని చెప్పి తీసేశాను. కరోనా వచ్చి ఊరందరి పిల్లలూ ఫోన్లోనే చదువుకున్నప్పుడు, చూశావా, అందరూ ఆన్‌లైనే కదా అని నా మనసు కాస్త తేలికపడబోయింది. ఎంత చిన్న సందు దొరికినా దూరిపోవాలని చూస్తుంది.

ఇప్పుడు ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, స్టెల్లా కూతురికి ప్లస్‌టూ అయిపోయింది. నర్సింగే చదువుతానంటోంది. స్టెల్లా ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నాకు ఫోన్ చేస్తుంది. మొన్న చేసినప్పుడు, “యే కాలేజీలో సేర్సాలనో నువ్వే ఇచారించి సెప్పల్లక్కా, మాకు ఇంకెవురుండారు?” అంది.

విచారించాను. ఈసారి కాళ్ళరిగేలా తిరిగాను. కాలేజీ గుర్తింపు కాగితాలను నా కళ్ళతో చూసి, అక్కడ చదివే పిల్లలతో మాట్లాడి, ఫలానా దాంట్లో చేర్చమని చెప్పాను. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. నువ్వు చెప్పినావంటే ఇంక సరే అంది. ఒకప్పుడు సరిగ్గా అడిగినావా అని అడిగిన మనిషి. అప్పుడు చెప్పబోయాను. ‘స్టెల్లా, ఆ పొద్దు రైల్లో’ అన్నాను. యేందక్కా అంది. పచ్చడి చాలా బాగుండేది అన్నాను. ఆమె నవ్వి, వచ్చినప్పుడు నూరి పెడతానంది. కూతురికి సరిగ్గా చెప్పినందుకు తల్లికి చేసింది తీరుతుందా? తీరదని నాకు తెలుసు.

ఇంకొక్క సంగతి కూడా చెప్పాలి. స్టెల్లాకు తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఆమె బళ్ళో నేర్చుకుంది తమిళమే. నేను మా ఊరి తెలుగు బళ్ళో చదివాను. వార్డులో రోజంతా రాసేది తమిళమూ ఇంగ్లీషే, కాబట్టి ఇది తమిళంలో రాయడం నాకు కష్టమేం కాదు. కానీ పెన్ను పట్టుకోగానే తెలుగే వచ్చింది. మాతృభాష కదా, మనసులో మాట అందులోనే వస్తుందిలే అనుకుంటూ ఇంత దూరం రాశాను. అది కాదు కారణం. ఇది ఆమె చేతిలో పడినా చదవడం ఆమెకు రాదు. అప్పుడు చదువు విషయంలో చేసినట్టే ఇప్పుడూ నాకు ఏది క్షేమమో అదే చూసుకున్నాను.

ఆ సంగతి రాసేశాక పెన్ను పక్కన పెట్టాను. తరవాత, రాతలో ఆమెకు అందకపోయినా మాటలో అందుతుంది కదా అనిపించింది. ఇంట్లో ఎవరూ లేరు. ఎప్పుడూ ఉండరు. ఆమె నా పక్కన కిటికీ వైపు కూర్చున్నట్టు అటు తిరిగి, పైకే అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది, కానీ ఇన్నేళ్ళ తరవాత ఊపిరి చివరిదాకా వెళ్ళి వచ్చింది.

“అది చెల్లదని నాకు తెలుసు స్టెల్లా. నువ్వు పోతావని, తెలిసే సెప్పినా.”