నాలుగో ఫొటోకు వేసిన దండ

నా పెసరట్టు పెనం మీద ఒట్టు... ఇందులో ఒక్క ముక్క కూడా కల్పితం కాదు. కావాలంటే మా ఆయనను అడగండి. ఆయన ఒప్పుకోరు, అది వేరే సంగతి.

కెనడాలో విండ్సర్‌కు అరగంట దూరంలో, ఒక పల్లెలో మూతపడిన పబ్బును లీజుకు తీసుకున్నాం. టిఫిన్ సెంటర్ పెట్టాలని ఇద్దరం ఉద్యోగాలు మానేశాం. గోడ మీద వరుసగా నాలుగు ఫొటోలు... ఆ పబ్బు నడిపిన ఓనర్లవి. మూడోది ఒక ఆవిడది. పాత ఫొటోలు కదా, అందరూ పోయినవాళ్లే అనుకున్నాను. పెద్దల దీవెన ఉంటుందని ఓపెనింగ్ ముందురోజు నాలుగు ఫొటోలకూ బొట్లు పెట్టి గంధపుచెక్క దండలు వేశాను.

ఆ రాత్రి మేడమీద పడుకున్నాం. రెండింటికి... కింద గంట మోగింది. పబ్బు మూసేముందు కొట్టే ఇత్తడి గంట. ఒక్కసారే... ఠంగ్...

“ఏమండీ, వినబడిందా?”

“ఫ్రిజ్ సౌండే. పడుకో,” అన్నారు దుప్పట్లోంచి. దుప్పటి వణుకుతోంది.

దిగాం. ముందు నేను. వెనక ఆయన, చేతిలో అట్లకాడ. మెట్లు కిర్రుమన్నాయి... లైటు వేశాను. నాలుగో ఫొటోకు దండ లేదు. నేల మీదా లేదు... బార్ కౌంటర్ మీద ఉంది. నీటుగా చుట్టచుట్టి... గ్లాసు కింద పెట్టే పాత కోస్టర్ మీద.

“సుజా, రేపు ఓపెనింగ్ వద్దు. మన పాత ఊరు ఎటోబికో వెళ్లిపోయి మళ్లీ జాబ్స్ అప్లై చేసుకుందాం.”

నేను మొండిగా దండ మళ్లీ వేశాను. తెల్లారేసరికి... మళ్లీ కోస్టర్ మీదే.

తొమ్మిదింటికి తలుపు తెరిచాం. మొదటి కస్టమర్ చేతికర్రతో వచ్చిన ఒక ముసలాయన. టోపీ తీశాడు... నాలుగో ఫొటోలోని మొహం. మా ఆయన ఆంజనేయ దండకం అందుకున్నారు.

ఆ పబ్బు ఆఖరి ఓనర్ ఈ ముసలాయనేనట. మూడో ఫొటో ఆయన భార్యదట, పోయి ఆరేళ్లయిందట. బొట్లు ఎందుకని అడిగాడు. బతికున్న మనిషికి దండ వేశానని సిగ్గుతో చెప్పాను. పగలబడి నవ్వాడు. రాత్రి గంట మోగిందని, దండ కోస్టర్ మీద దొరికిందని చెప్పగానే నవ్వు ఆగిపోయింది.

“రోజూ మూసేముందు గంట కొట్టేది మా ఆవిడే,” అన్నాడు మెల్లగా. “కోస్టర్ లేకుండా బార్ మీద ఏం పెట్టినా ఊరుకునేది కాదు.”

మేకు వదులైందంటారు మా ఆయన. వదులు మేకు దండను చుట్టచుడుతుందా... ఏమో, నాకైతే తెలియదు. ఆ దండను డబ్బాలో పెట్టేశాను. ముసలాయన రోజూ పెసరట్టుకు వస్తాడు. మొన్న పదకొండైనా రాలేదు. మెల్లగా తలెత్తి నాలుగో ఫొటో చూశాను.

దండ లేదు. హమ్మయ్య, ఆవిడ ఇంకా వేయలేదు అనుకుని పెనం పొయ్యి మీదే ఉంచాను.