బొట్టు పెట్టి పిలిచాం

మా విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల మంచిచెడ్డలు చూసే విభాగంలో నేను పనిచేస్తాను. ఆ పిల్లలకూ చుట్టుపక్కల ఊళ్లకూ పరిచయం పెరగాలని ఏటా ఒక సాంస్కృతిక వేడుక జరపమన్నారు. పక్కనే ఉన్న పోతిరెడ్డిపల్లిలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఆ పని నా నెత్తిన పెట్టారు. నా ఊరిని నేను పిలిస్తే రాకపోవడమేమిటని మురిసిపోయాను కూడా.

మొదటి ఏడు చౌరస్తాలో పెద్ద ఫ్లెక్సీ కట్టించాను. రంగురంగుల కార్డు వాట్సాప్‌లో పంపాను. తీరా ఆ రోజు హాలంతా ఖాళీ కుర్చీలే. ముందు వరసలో మా అమ్మ, ఆమె పక్కన మా సెక్యూరిటీ ఆయన. టాంజానియా నుంచి వచ్చిన అమ్మాయి ఆ ఇద్దరి కోసమే నవ్వు చెదరకుండా పాటంతా పాడింది. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఇంకొక్క ఏడు చూద్దాం. అప్పుడూ ఇంతే అయితే మానేద్దాం" అన్నారు మా పెద్ద మేడం.

ఆ కోపమంతా ఇంటికి మోసుకొచ్చి అమ్మ మీద కుమ్మరించాను. "గంత పెద్ద ఫ్లెక్సీ ఊరోళ్లకు కనవడలేదానే?"

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తల కూడా ఎత్తలేదు. "ఫ్లెక్సీని సూసి ఎవరస్తరే? ఇంటికి వొయ్యి బొట్టు వెట్టినవా? బొట్టు వెట్టకుంటే నేను మా చెల్లె ఇంటికే పోను. కడుపున పుట్టినవని నీ దగ్గరికి వచ్చిన."

మా గృహప్రవేశానికి గడప గడపకూ తిరిగి బొట్టు పెట్టిందాన్ని. ఆఫీసు కుర్చీలో కూర్చోగానే ఆ సంగతే మరిచాను. సిగ్గేసింది.

మరుసటేడు కుంకుమ భరిణె పట్టుకుని అమ్మ ముందు నడిచింది. వెనక నేనూ, టాంజానియా అమ్మాయీ. నాలుగిళ్లు తిరిగేసరికి ఆ అమ్మాయే భరిణె అడిగి తీసుకుంది. ఆడవాళ్ల నుదుట బొట్టు పెట్టి, "అమ్మా, జరూర్ రావాలె" అనేది. మూలమీది ముస్లింల ఇంటి ముందు అమ్మ భరిణె కొంగున దాచి, నోటితోనే దావత్ చెప్పించింది.

ఈసారి కుర్చీలు చాలలేదు. కానీ వచ్చినవాళ్లు పాటలకూ ఆటలకూ చేతులు కట్టుకుని బిగుసుకుని కూర్చున్నారు. మేడం నావైపు చూశారు. అప్పుడే ఆ అమ్మాయి, తమ ఇంటి వంట చూపిస్తానని స్టౌ మీద గిన్నె పెట్టి, మరిగే నీళ్లలో జొన్నపిండి పోసి కలపడం మొదలుపెట్టింది.

"ఓ, గిది మన గట్కనే గదనే!" ముందు వరసలోని ముసలమ్మ లేచింది. నేరుగా వెళ్లి ఆ పిల్ల చేతిలోని తెడ్డు లాక్కుంది. "గట్ల గాదు బిడ్డా, ఉండలు గడ్తది. జెర ఇటు దే."

ఇక నేను అచ్చు వేయించిన కార్యక్రమాల పట్టిక ఏమైందో ఎవరికీ తెలియదు. ఊరంతా స్టౌ చుట్టూ చేరింది. మేడం విస్తరాకులో గట్క పెట్టించుకుని నిలబడే తిన్నారు.

కొన్నాళ్లకు ఆ ముసలమ్మ భరిణెతో మా ఆఫీసుకు వచ్చింది, మనుమరాలి పెళ్లికి పిలవడానికి. నా కోసమే అనుకుని జుట్టు సవరించుకుని లేచి నిలబడ్డాను.

"నీకు తర్వాత వెడ్త. ఆ పిల్లేది?"

క్లాసు నుంచి పరుగున వచ్చిన ఆ అమ్మాయి, ఎవరూ చెప్పకుండానే నుదురు ముందుకు వంచింది. ముసలమ్మ బొట్టు పెట్టి గడ్డం పట్టుకుంది. "మీ అమ్మ గీడ లేదు గదా బిడ్డా. మా ఇంటి పిల్ల లెక్క ముందుగాల్నే రావాలె."

నా వంతు కోసం నేను ఆ పిల్ల వెనక నిలుచున్నాను. నా వెనక మేడం నిలుచున్నారు. ఎక్కడా వెనక నిలబడడానికి ఇష్టపడని నేను, ఆ వరసలో నిలబడినంత గర్వంగా మరెక్కడా నిలబడలేదు.