చెకుముకి తుపాకీకి నీళ్ల పరీక్ష

ఇందులో ప్రతి అక్షరం నిజమని, ఇన్నేళ్లు తుపాకులు విప్పి బిగించిన ఈ చేతుల మీద ఒట్టేసి చెబుతున్నాను.

1985 ఫిబ్రవరిలో నన్ను ఒంగోలు పోలీసు ఆయుధాగారంలో ఆర్మరర్‌గా వేశారు. హెడ్ కానిస్టేబుల్ హోదా. తుపాకులు బాగుచేయడం, అవి పనికొస్తాయో రావో తేల్చి రాయడం నా పని. ఎన్నికల ముందు ఊళ్లలోని తుపాకులన్నీ అప్పగించమన్నారు. మార్టూరు వైపు నుంచి ఏసుదాసు మాస్టారనే రిటైరైన బడిపంతులు ఒకటి గోతంలో చుట్టి తెచ్చాడు.

"మా తాత వేటలో వెంట తిరిగాడని అమెరికా దొర ఇచ్చిపోయాడండి. లైసెన్సు కావాలని మాకెవరూ చెప్పలేదండి."

బాగుచేసినా పేలదని తేలితే అది పాతకాలపు వస్తువు, ఇంట్లో ఉంచుకోవచ్చు. పేలుతుందంటే స్వాధీనం చేసుకుని ముక్కలు చేస్తారు.

గోతం విప్పాను. ఎనిమిది పలకల పొడుగాటి గొట్టం, పులిచారలున్న కర్ర, భుజానికి ఆనించే మడమలో ఇత్తడి మూత పెట్టె. తాళం, అంటే నిప్పు పుట్టించే భాగం, ఊడదీస్తే ఏ మరకు ఆ మరే. ఒకటి ఇంకోచోట పట్టదు. అన్నీ ఆకురాయితో చేత్తో అరగదీసినవే. స్ప్రింగు నిన్న చేసినంత బిగువుగా ఉంది.

ఆగలేకపోయాను. తాళం బిగించి, ఇత్తడి పెట్టెలో దొరికిన చెకుముకిరాయి తగిలించి మీట నొక్కాను. రవ్వలు జల్లున లేచాయి. తొంగిచూస్తున్న మా పై అధికారి, రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ గారి నోట్లో సిగరెట్ అంటుకుంది.

"బ్రహ్మాండంగా పనిచేస్తోంది గదయ్యా! ముక్కలకి రాసెయ్" అన్నారాయన.

"మీరు గొప్ప పనోళ్లేగానీ, నా కొంప ముంచారండి" అన్నాడు మాస్టారు.

తాళం పనిచేస్తే తుపాకీ పనిచేసినట్టు కాదన్నాను. "ఇందాక షో చేసింది నువ్వేగా? నిరూపించు" అన్నారు ఇన్‌స్పెక్టర్ గారు.

సీలలు తీసి గొట్టాన్ని కర్ర నుంచి విడదీశాను. కర్ర కప్పిన అడుగుభాగం తుప్పు పట్టి చెదలు తిన్న తలుపులా ఉంది. నిప్పురంధ్రం మైనంతో మూసి, గొట్టం నిండా నీళ్లు పోశాను. మందు కూరే చోట అడుగున ముందు చెమట పట్టింది. తర్వాత బొట్లు రాలాయి.

"దీన్ని కాలిస్తే పోయేది పిట్ట కాదండి, కాల్చినోడి చెయ్యి. కొత్త గొట్టం వెయ్యాలి. అది బాగుచెయ్యడం కాదు, వేరే తుపాకీ చెయ్యడం."

ఇన్‌స్పెక్టర్ గారు ఆ తడి వేలితో తడిమి చూసుకుని, పేలదన్న కాగితం మీద సంతకం పెట్టారు. నేను తాళానికి నూనె పట్టించి, ఒక్క మర తల మీద గీత పడకుండా, చేసినవాడు బిగించినట్టే బిగించి మాస్టారి చేతిలో పెట్టాను. జిల్లాలో ఆ పని మరొకడు చేయగలిగేవాడు కాదని ఇప్పటికీ అంటాను.

తుపాకీని తేల్చేవాడు ముందు గొట్టం చూడాలి, తన పనితనం తర్వాత చూపించుకోవాలి. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ మొదటి పాఠం ఇదే చెప్పాను.

కల్పించింది సిగరెట్ ఒక్కటే. ఇన్‌స్పెక్టర్ గారు జన్మలో పొగ తాగలేదు. అంటుకుంది ఆయన మీసం. ముక్కలు చెయ్యమని అంత తొందరపడింది అందుకే.