కొత్త గిటారు పాతబడిన వైనం

నంద్యాలలో ముప్పై ఏళ్లుగా బోర్డులు రాస్తున్నాను. రాస్తున్నాను అనడం ఇప్పుడు కొంచెం గొప్ప చెప్పుకోవడమే. ఫ్లెక్సు వచ్చాక నా చేతిలో కుంచె కంటే చీపురే ఎక్కువసేపు ఉంటోంది. కొట్టు ఊడ్చుకుని, బ్రష్షులు కడిగి, కడిగిన బ్రష్షులనే మళ్ళీ కడిగి సాయంత్రానికి ఇంటికి పోతుంటాను. చూసి చూసి మా ఆవిడ ఒకరోజు తేల్చి చెప్పేసింది.

"ఇంగొక్క పని చూస్తాం. ఆ పని చూసి మనుషులు నిన్ను ఎతుక్కుంటా వచ్చినారా, సరే, కొట్టు పెట్టుకో. రాలేదా, పోయి ఫ్లెక్సు షాపులో చేరు. ఆయప్ప ఎప్పట్నించో పిలుస్తానే ఉండాడు."

ఆ ఒక్క పని కోసం ఎదురు చూస్తుంటే మా వీధి చివర పళ్ళ డాక్టరు వచ్చాడు. ఆయన చేతిలో తెల్లగా, ఏ రంగూ లేని కొత్త ఎలక్ట్రిక్ గిటారు ఒకటి. సెల్‌ఫోనులో ఇంకో గిటారు ఫోటోలు. లండన్‌లో ఎప్పుడో అరవై ఏళ్ల కిందట ఒక పెద్ద వాద్యకారుడు వాయించిన గిటారట. ఆ రోజుల్లో అక్కడి కుర్రకారు ఏదో మింగి కూర్చుంటే కళ్ళ ముందు రంగులు ఈదేవట. ఆ రంగులే దాని మీద ఎక్కించారట.

"అన్నా, అచ్చం ఇట్లనే వెయ్యాల. కొత్తింట్లో హాల్లో పెట్టుకుంటా. చూసి ఎవురడిగినా నీ పేరే చెప్తా" అన్నాడు.

ఫోటో చూశాను. నిప్పు మంటల నడుమ రెక్కల పిల్లవాడు ఒకడు తీరిగ్గా కూర్చున్నాడు. ఉంగరాల జుట్టు. ఒంటి మీద బట్ట ఉండీ లేనట్టే. చేతిలో మూడు మూలలుగా వంచిన ఇనప కడ్డీ, దాన్ని ఇంకో పుల్లతో కొడుతున్నాడు. చుట్టూ మబ్బులు, చుక్కలు, నారింజ, నీలం, ఆకుపచ్చ. ఇన్ని రంగులు ఒక్కచోట నేను లారీల వెనక మాత్రమే చూశాను. లారీవాళ్ళు ఏమీ మింగకుండానే వేయించుకుంటారు.

ఒప్పుకున్నాను. కొట్టు ముందు స్టూలు మీద గిటారు పెట్టి ఉప్పుకాగితంతో రుద్ది, లప్పం పట్టి, అడుగు రంగు వేస్తుంటే టీ అంగడి జనమంతా వచ్చి నిలబడ్డారు.

"ఇది ఏ పార్టీ గుర్తప్పా?" అని ఒకాయన అడిగాడు.

"ఎవురు గెలిస్తే వాళ్లది" అన్నాను. ఆయన తృప్తిగా వెళ్లిపోయాడు.

అక్షరం అయితే నాకు లెక్కలేదు. కళ్ళు మూసుకుని రాయగలను. రెక్కలతోనే ఇబ్బంది. లారీల మీద గద్దలు వేశాను గానీ, గద్దకు మనిషి ముఖం, కాళ్ళు, వేళ్ళు ఉండవు. అందుకని గిటారును పాత దుప్పట్లో చుట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కాను. అక్కడ నాతో కలిసి చదువుకున్న స్నేహితుడు శిల్పి. వాళ్ళ వీధిలో ఒక పక్క దేవుళ్ళు, ఇంకో పక్క నాయకులు వరసగా నిలబడి ఉంటారు. ఈ మధ్య నాయకులదే పొడుగు వరస. నేను పోయేసరికి మావాడు రాతిపిండి కొట్టుకుపోయిన ముఖంతో ఒక నాయకుడి కళ్లజోడు చెక్కుతున్నాడు. ఉలి కింద పెట్టి, డాక్టరు ఫోటోలు పంపిన నా ఫోను చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ పిల్లోడు ఏ దేవుడురా?"

"దేవుడు కాదురా, గిటారు మీద బొమ్మ."

"రెక్కలుండాయి. ఆసనం ఏసుకోని కూచున్నాడు. చేతిలో ఆయుధముంది. దేవుడు కాకుండా యాడికి పోతాడు?" అని, ఫోటోను రెండు వేళ్ళతో పెద్దది చేసి, నాలుక కరుచుకున్నాడు. "రేయ్, రెక్క కొస లేదు. పాదం లేదు. భిన్నమైన బొమ్మరా ఇది."

భిన్నమైన విగ్రహాన్ని వాళ్ళు గడప దాటనివ్వరు. ముక్కు కొసన ఆవగింజంత పెచ్చు లేచినా సరే, ఎన్ని నెలల పనైనా సరే, తీసుకుపోయి షెడ్డు వెనక గోడ వైపు ముఖం తిప్పి నిలబెట్టేస్తారు. దాన్ని పూజకివ్వరు, అమ్మరు. నేను ఆ వెనక్కు వెళ్లి చూశాను కూడా. గోడకు ముఖం పెట్టి, బడిలో శిక్ష పడిన పిల్లల మాదిరి పదిమంది దేవుళ్ళు ఉన్నారు.

"ఇట్లాంటిది ఇంట్లోకి పంపిస్తావా? రేపు వాళ్ళింట్లో ఎవురికన్నా జొరమొచ్చినా నీ పేరే చెప్తారు" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. ఫోటోలో అక్కడక్కడా పెచ్చులు లేచి కొయ్య కనబడుతోంది. లండన్ వాళ్ళు అడుగు రంగు సరిగా పట్టకుండా పని కానిచ్చారని చూడగానే తెలిసింది. నంద్యాల ఎండలో నా బోర్డు పదేళ్ళు నిలుస్తుంది, వాళ్ళ మంచులో వాళ్ళ రంగు నిలవలేదు. మనసులో కొంచెం గర్వపడ్డాను కూడా. మావాడు కొలతలు వేసి పెన్సిలుతో రెక్క పూర్తి చేశాడు, ఈక తర్వాత ఈక. పాదం గీశాడు, అయిదు వేళ్ళూ గోళ్ళతో సహా. నేను ఇంటికొచ్చి ఇరవై రోజులు కూర్చుని రంగులు నింపాను. ఆ ముఖానికే నాలుగు రోజులు పట్టింది. చివరికి మెరుపు వార్నీషు రెండు పూతలు పూశాను. మా పనిలో ఆచారం ప్రకారం కింద కుడి మూల అరంగుళంలో నా పేరు, ఊరు, ఫోను నంబరు రాశాను. బోర్డు రాసేవాడికి ఆ మూలే తిండి పెట్టేది.

మధ్యాహ్నం రోగులు లేని వేళ క్లినిక్కు తీసుకుపోయాను. డాక్టరు దుప్పటి విప్పి, గిటారునూ సెల్‌ఫోనులో ఫోటోనూ మార్చి మార్చి చూశాడు. నేను పొగడ్త కోసం ముఖం సర్దుకుని నిలబడ్డాను.

"బాగుందన్నా. కానీ ఇది కొత్తగా ఉంది."

"కొత్తదే గదా సార్."

"అట్ల కాదు. ఫోటోలో ఈ రెక్క కొస ల్యాకుండా ఉంది చూడు. ఈ పాదం లేదు. ఈడ మోచెయ్యి ఆనించి ఆనించి రంగంతా అరిగిపోయింది. అయ్యన్నీ యాడికి పోయినాయి?"

"పూడ్చినా సార్. లెక్కలో వెయ్యను లేండి, ఊరికే చేసినా."

"అయ్యో అన్నా! ఆ పెచ్చులే కావాల. దాని ఇలువంతా ఆడనే ఉండేది."

నాకు ఒళ్ళు మండింది. "సార్, మీ దగ్గరికి ఇరిగిన పన్నుతో వచ్చినోన్ని, దీని ఇలువే ఆ ఇరుగుడు అని చెప్పి ఎనక్కి పంపిస్తాండారా?" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వినా వదల్లేదు.

"పోనీ ఆ మోచెయ్యి కాడ మీరు వాయిస్తా ఉంటే అదే అరుగుతాది గదా" అని చివరి మాటగా అన్నాను.

"నాకు వాయించేది రాదన్నా" అన్నాడు డాక్టరు, పెద్ద తప్పు ఒప్పుకుంటున్నట్టు. "గోడకు పెట్టుకునేదానికే."

అప్పుడు ఆయన గిటారును రోగులు పడుకునే కుర్చీలో పడుకోబెట్టాడు. పైన లైటు వేశాడు. చేతులకు తొడుగులు వేసుకుని, పళ్ళ మీద గార గీకే కొక్కెం తీసుకున్నాడు. నిజం చెప్పాలి, ఆయన చెయ్యి మంచిది. రవ్వంత ఎక్కువ కాదు, రవ్వంత తక్కువ కాదు, ఫోటో చూసుకుంటూ ఎక్కడ ఎంత లేచిపోయిందో అక్కడ అంతే లేపాడు. మావాడు గోళ్ళతో సహా గీసిన పాదం రెండు నిమిషాల్లో పోయింది. రెక్క కొస పోయింది. రాలిన రంగును నర్సమ్మ దూదితో తుడిచింది. నాకు ఏడుపు వచ్చింది. నా సొంత పన్ను పీకించుకున్నప్పుడు కూడా నేను ఏడవలేదు.

కింద మూలకు వచ్చేసరికి ఆయన చెయ్యి ఆగింది.

"ఇదేందన్నా?"

"నా పేరు సార్. చిన్నగానే రాసినా."

"ఒరిజినల్లో లేదు గదా."

"లేదు."

ఆయన చేత గీకించుకోవడం ఇష్టం లేక కొక్కెం అడిగి తీసుకుని నేనే గీకాను. ఫోను నంబరు త్వరగా పోయింది. పేరుకు కొంచెం సేపు పట్టింది, రంగు గట్టిగా పట్టుకుంది మరి. "నువ్వేం బాధపడొద్దన్నా, అడిగినోళ్లకంతా నేను చెప్తా గదా" అని డాక్టరు భుజం తట్టాడు. ఇక ఆ మాట మీదే నా కొట్టు ఆధారపడి ఉంది.

గృహప్రవేశానికి నన్నూ మా ఆవిడనూ పిలిచాడు. హాల్లోకి అడుగు పెట్టేసరికి గోడ మీద గిటారు, దాని ముందు జనం. జనం ముందు డాక్టరు నిలబడి ఉన్నాడు, నేను వెనక నుంచి వస్తున్నది చూడలేదు. రోడ్డు పనుల కాంట్రాక్టరు ఒకాయన అడిగాడు, "యాడ దొరికింది సార్ ఇది?"

"లండన్ నుంచి తెప్పించినా. అరవై ఏండ్ల నాటి సరుకు" అన్నాడు డాక్టరు.

"అట్ల చెప్పండి! ఆ పిల్లోని మొగం చూడప్పా, ప్రాణం ఉట్టిపడతాంది. మాట్లాడించేటట్టుండాడు. మనోళ్లకు వస్తాదా ఈ పని?" అని కాంట్రాక్టరు తిరిగి, నన్ను చూశాడు. ఎప్పుడో ఆయన ఆఫీసు బోర్డు నేనే రాశాను. "ఏమన్నా పెయింటరూ, నువ్వు చెప్పు. నీ చేతనవుతాదా ఇది?"

డాక్టరు గిర్రున తిరిగాడు. ఆయన ముఖంలో నెత్తురు చుక్క లేదు. హాల్లో ఉన్నవాళ్ళంతా నా వైపే చూస్తున్నారు. మా ఆవిడ మోచేత్తో నా పక్కలో గట్టిగా పొడిచింది. నాది అని ఒక్క మాట అంటే చాలు. ఫోను నంబరు అక్కడికక్కడే అడిగేవాళ్ళు నలుగురైనా ఉంటారు.

అందామనే నోరు తెరిచాను. తెరిచి, ఒకసారి ఆ పిల్లవాడి వైపు చూశాను. జనం ఇంకా ఆ ముఖాన్ని నోరు తెరుచుకుని చూస్తున్నారు.

"నా చేత యాడయితాదప్పా" అన్నాను.

భోజనాలయ్యాక ఇంటికి నడుస్తుంటే సగం దారి దాకా మా ఆవిడ నాకంటే పదడుగులు ముందే నడిచింది. తర్వాత ఆగి, "నీదే అని చెప్పేదానికి ఏం రోగం నీకు? ఆ డాక్టరు మొగం చూసి జాలిపడినావా?" అంది.

"జాలి కాదు. ముప్పై ఏండ్లలో నా బొమ్మకు ప్రాణముందని ఎవురన్నా అన్నారామే? ఈరోజు అన్నారు. నాదే అని చెప్పినాననుకో, మళ్ళీ తిరిగి చూసి, ముక్కు రవ్వంత వంకరుందన్నా అంటారు."

ఆమె నా ముఖం చూసింది. అవునన్నట్టు తల ఊపింది. ఈ ఊరిని నాకంటే ఆమే ఎక్కువ ఎరుగును.

"ఫ్లెక్సు షాపుకు ఎప్పుడు పోతాండావ్?" అంది.

"రేపే" అన్నాను.